హువాహిన్‌లో భోజనానికి కూర్చుంటే...

థాయ్‌లాండ్‌ వెళ్లొచ్చిన వాళ్లని 'అక్కడ తిండి ఎలా ఉంది వదినా?' అని అడిగి చూడండి. 'అబ్బే, మూడు పూటలా టూరు వాళ్లు పెట్టిన మన భోజనమే' అనేవాళ్లు చాలామంది. ఇంకొందరు ఇక్కణ్నుంచి మోసుకెళ్లిన ఆవకాయ సీసా, అటుకులు, పొడుల సంగతి చెబుతారు. అంత డబ్బు పోసి వెళ్లి, ఆ ఊరి వంట రుచి చూడకుండానే తిరిగొచ్చేస్తామెందుకు? 'అందులో ఏం కలుపుతారో ఏమో!' అన్న భయంతోనే. ఆ భయంలో నిజం లేకపోలేదు. శాకాహారులకి, రొయ్యలు పడని వాళ్లకి అది చిన్న విషయమూ కాదు. అయితే దేంట్లో ఏం కలుస్తుందో తెలుసుకుని, నాలుగు మాటలు నేర్చుకుంటే చిక్కు చాలావరకూ తీరిపోతుంది.

రాజుగారి విడిది

బ్యాంకాక్‌కి సుమారు 200 కిలోమీటర్ల దూరంలో, సముద్రం ఒడ్డున ఉంది హువాహిన్‌. ఒకప్పుడు చేపలు పట్టేవాళ్ల పల్లె. 1911 ప్రాంతంలో రైలు వచ్చాక పట్నం పెద్దలు గాలి మార్పు కోసం రావడం మొదలుపెట్టారు. 1920ల చివర్లో ప్రజాధిపోక్‌ రాజు ఇక్కడ భవనం కట్టించుకుని 'క్లై కాంగ్‌వాన్‌' అని పేరు పెట్టాడు. 'చింతలకు దూరం' అని దానర్థం. పాపం, 1932లో తన సర్వాధికారం పోయిందన్న కబురు ఆయనకి అందింది ఈ ఊళ్లో ఉన్నప్పుడే!

ఆ రాజుల సంగతి అలా ఉంచి మన భోజనం సంగతి చూద్దాం. పొద్దుగూకితే నైట్‌ మార్కెట్‌ వీధి నిండా చిన్న చిన్న హోటళ్లే. ప్లాస్టిక్‌ కుర్చీలు, భగ్గున మండే పొయ్యి, దానిమీద పెద్ద మూకుడు. గరిటె తిప్పేది చాలాచోట్ల ఆడవాళ్లే. అడిగింది అడిగినట్టు అప్పటికప్పుడు వండిపెట్టడం వీటి పద్ధతి. మనకి కలిసొచ్చేది అదే. వండకముందే 'ఇది వేయకమ్మా' అని చెప్పొచ్చు.

మన పెరటి మొక్కలే!

కొత్త పేర్లు చూసి కంగారుపడకండి. 'పాక్‌ బుంగ్‌' అంటే మన తూటికూర. పచ్చిమిర్చి, వెల్లుల్లితో పెద్దమంట మీద క్షణాల్లో వేయించేస్తారు. 'పాద్‌ థాయ్‌' నూడుల్స్‌కి పులుపు చింతపండుదే. 'క్రపావ్‌' అంటే మనం కోటలో పెట్టి పూజించే తులసి. అక్కడ మాత్రం మాంసంతో కలిపి వేయిస్తారు. 'సోమ్‌ తామ్‌' పచ్చి బొప్పాయి కోరుతో చేసేది. రోట్లో వెల్లుల్లి, మిరపకాయలు దంచి, నిమ్మరసం, తాటిబెల్లం వేసి, వేరుసెనగ గుళ్లు కలిపి ఇస్తారు. మన రోటి పచ్చడికి దూరపు చుట్టమే.

'తోమ్‌ యమ్‌' చారులో నిమ్మగడ్డి కాడలు, దుంపరాష్ట్రం ముక్కలు, ఒకరకం నిమ్మాకులు తేలుతుంటాయి. అవి వాసన కోసమే. మనం కరివేపాకు ఏరి పక్కన పెట్టినట్టు వాటినీ పెట్టేయాలి. రొయ్యలతో చేసే 'తోమ్‌ యమ్‌ కుంగ్‌'కి 2024లో యునెస్కో వారసత్వ జాబితాలో చోటు దొరికింది.

చిక్కల్లా ఇక్కడే

మనం ఉప్పు వేసే చోట వాళ్లు 'నామ్‌ ప్లా' వేస్తారు. అంటే చేపలు ఊరబెట్టి తీసిన రసం. పైకి కనిపించదు. 'కూరగాయలతోనే చేశాం' అని ఆమె చెప్పే మాట అబద్ధం కాదు. ఉప్పులాంటి ఆ రసాన్ని ఆమె లెక్కలోకి తీసుకోదు, అంతే!

తూటికూర, వేపుడన్నం, పాద్‌ థాయ్‌, సోమ్‌ తామ్‌ అప్పటికప్పుడు చేసేవి. కాబట్టి చేపరసం, ఎండు రొయ్యలు, ఆల్చిప్పల సాస్‌ మానేసి సోయా సాస్‌తో చేయమనొచ్చు. ఎరుపు, ఆకుపచ్చ కూరల సంగతి వేరు. వాటి ముద్ద ముందే నూరి ఉంటుంది. సాధారణంగా అందులో 'కపి' అనే రొయ్యల ముద్ద కలిసే ఉంటుంది. తర్వాత తీసేయడం ఎవరితరం? శాకాహారులు వీటి జోలికి పోకపోవడమే మేలు. రొయ్యలుగానీ, వేరుసెనగగానీ బొత్తిగా పడనివాళ్లు సోమ్‌ తామ్‌కీ దూరంగా ఉండాలి. అందరికీ దంచేది ఆ రోట్లోనే కదా!

పసుపు రంగు మీద ఎర్ర అక్షరాలతో 'జే' అన్న బోర్డు కనిపిస్తే మాత్రం నిశ్చింతగా వెళ్లండి. జే వంటలో మాంసం, చేప, గుడ్డు, పాలు ఏవీ ఉండవు. కార్తీకంలో మన ఇళ్లలో మానేసినట్టు ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు. ఏటా సెప్టెంబరు, అక్టోబరు ప్రాంతంలో తొమ్మిది రోజుల జే పండుగ వస్తుంది. అప్పుడు ఈ బోర్డులు ఎక్కడ చూసినా కనిపిస్తాయి.

వాళ్లలా తినాలంటే

కుడిచేత్తో చెంచా, ఎడమచేత్తో ఫోర్కు. ఫోర్కుతో అన్నాన్ని చెంచాలోకి తోసుకుని చెంచాతో తినాలి. పుల్లలు నూడుల్స్‌కే. అన్నం ఎవరిది వాళ్లకే, కూరలు మాత్రం అందరికీ మధ్యలో. కాబట్టి నలుగురూ తలో రకం చెప్పుకుంటే నాలుగు రుచులూ చూడొచ్చు. చివర్లో కొబ్బరిపాలు పోసిన జిగురన్నం, మామిడిపండు ముక్కలు తినడం మర్చిపోకండి. పిల్లలకి ఇది బాగా నచ్చుతుంది.

ఇవి గుర్తుంచుకోండి

* 'మై సై నామ్‌ ప్లా' అంటే చేపరసం వేయొద్దని. 'మై పెత్‌' అంటే కారం వద్దని. మనం కారం తినేవాళ్లమే అయినా మొదటిరోజు ఈ మాట చెప్పడం మంచిది.

* ఆడవాళ్లు మాట చివర 'కా' అని చేర్చితే అది మన 'అండీ'లాంటి మర్యాద. మగవాళ్లయితే 'క్రాప్‌' అంటారు.

* పెద్దావిణ్ని 'పీ' అని, చిన్నమ్మాయిని 'నోంగ్‌' అని పిలవొచ్చు. మనం కొత్తవాళ్లని అక్కా, చెల్లీ అన్నట్టే.

* మన ఉచ్చారణ వాళ్లకి అర్థం కాకపోవచ్చు. ఏవి తినరో, ఏవి పడవో బస చేసిన హోటల్‌ వాళ్లచేత థాయ్‌ లిపిలో చీటీ రాయించుకుని చూపించండి. ఎలర్జీ మందులు సంచిలోనే ఉంచుకోండి.

* చేపలు, పీతలు చాలాచోట్ల తూకం లెక్కన అమ్ముతారు. తూచిన తర్వాత, వండకముందే మొత్తం ఎంతో అడగండి.

* మంచినీళ్లు సీలు వేసిన సీసావే తాగండి.

* నచ్చితే 'ఆరోయ్‌ మాక్‌ కా' అనండి. 'చాలా రుచిగా ఉందండీ' అని. పొయ్యి దగ్గర చెమటలు కక్కుతూ వండినావిడకి ఆ మాట ఎంత బావుంటుందో మనకి వేరే చెప్పాలా!