కారులో పెట్రోలు వాసన: నిర్లక్ష్యం చేయకండి

కారులో పెట్రోలు వాసన వస్తే చాలామంది అద్దాలు దించుకుంటారు, లేదా ముందు ఒక సెంటు సీసా పెట్టుకుంటారు. జ్వరానికి కారణం తెలుసుకోకుండా మాత్ర వేసుకుని ఊరుకోవడం వంటిదే ఇది. వాసన రోగం కాదు, రోగ లక్షణం. ఎక్కడో పెట్రోలు ఆవిరి బయటికి వస్తున్నదని దాని అర్థం. అది ఎక్కడినుండి వస్తున్నదో కనిపెట్టి బాగు చేయించడమే చికిత్స.

శరీరంపై ప్రభావం

పెట్రోలు ఆవిరి పీల్చినవారికి తలనొప్పి, తల తిరుగుడు, వికారం, కళ్ళ మంట కలుగుతాయి. "నాకు కారు పడదు" అని కొందరు అంటారు. కొందరికి అది నిజమే. కాని ఒక్క కారులోనే ఇలా జరిగి, దిగి గాలికి నిలబడగానే తగ్గిపోతే కారునే అనుమానించాలి. పసిపిల్లలను, గర్భిణీ స్త్రీలను అటువంటి కారులో ఎక్కించవద్దని మేము కోరుతున్నాము.

పెట్రోలులో బెంజీన్ ఉంటుంది. మన దేశంలో అది 1 శాతానికి మించరాదని నియమం. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ దీనిని మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థంగా గుర్తించింది. ఒకసారి వాసన పీల్చినంత మాత్రాన భయపడనక్కరలేదు. రోజూ, నెలల తరబడి పీల్చడమే మంచిది కాదు.

ఇంకొక సంగతి. మన ముక్కు కొద్ది నిమిషాలలోనే వాసనకు అలవాటు పడుతుంది. వాసన తెలియకపోతే లీకు పోయిందనుకోకండి. బయటినుండి వచ్చి కారు ఎక్కిన మనిషి మాట నమ్మండి.

అగ్ని ప్రమాదం

పెట్రోలు ఆవిరి గాలికంటే 3, 4 రెట్లు బరువు. అందుచేత పైకి పోకుండా నేలబారుగా ప్రాకుతుంది. గాలిలో సుమారు 1.4 శాతం ఉంటే చాలు, నిప్పురవ్వకు అంటుకుంటుంది. ఇంటిని ఆనుకుని ఉన్న మూసిన షెడ్డులో అటువంటి కారును ఉంచకండి. పక్కన గ్యాస్ పొయ్యి, గీజరు వెలిగించకండి. వాసన నిండిన షెడ్డులో స్విచ్చి కూడా వేయవద్దు. ముందు తలుపులు తెరవండి.

ఆవిరిని ఆపే ఏర్పాటు

ట్యాంకులోని పెట్రోలు ఎండకు ఆవిరి అవుతూనే ఉంటుంది. ఆ ఆవిరిని పట్టి ఉంచడానికి కారులో క్యానిస్టరు అనే బొగ్గు డబ్బా ఉంటుంది. కొన్ని రకాల విషాలు మింగినవారికి ఆసుపత్రిలో తాగించే నల్లని బొగ్గు పొడి ఎలా పనిచేస్తుందో, ఈ బొగ్గు కూడా అలాగే ఆవిరిని పట్టుకుంటుంది. ఇంజిను నడిచేటప్పుడు పర్జ్ వాల్వు తెరుచుకుని ఆ ఆవిరిని ఇంజినులోకి పంపుతుంది, అక్కడ అది కాలిపోతుంది. మూత, గొట్టాలు, డబ్బా, వాల్వులలో ఏది చెడినా ఆవిరి బయటపడుతుంది.

ఎప్పుడు వస్తున్నది?

రోగిని మేము మొదట అడిగేది "ఎప్పటినుండి? ఏ వేళలో ఎక్కువ?" అని. కారు విషయంలోనూ అదే ప్రశ్న వేసుకుని, జవాబు మెకానిక్కుకు చెప్పండి.

1. పెట్రోలు పోయించిన తర్వాత వస్తే: ట్యాంకు మూత, దాని రబ్బరు రింగు, పోసే గొట్టం చూడాలి.

2. ఎండలో నిలిపినప్పుడు వస్తే: బొగ్గు డబ్బా, దాని గొట్టాలు, ట్యాంకు పైన పంపు దగ్గరి సీలు చూడాలి. ఎలుకలు గొట్టాలు కొరికి ఉండవచ్చు.

3. ఇంజిను నడిచేటప్పుడు బానెట్ వైపునుండి ఘాటుగా వస్తే, లేదా కింద తడి కనిపిస్తే: అది ఆవిరి కాదు, పెట్రోలే కారుతుండవచ్చు. వెంటనే ఇంజిను ఆపి, అందరూ దిగి దూరంగా నిలబడండి. మళ్ళీ స్టార్టు చేయకుండా బండిని లాగించుకుని వెళ్ళండి.

అమెరికాలో 1996 తర్వాతి కార్లు ఆవిరి లీకును తామే పరీక్షించుకుని దీపం వెలిగిస్తాయి. మన దేశంలోని చాలా కార్లు చిన్న లీకును అలా పట్టలేవు. దీపం వెలగలేదు కదా అని ధైర్యపడకండి. కంటికి లీకు కనిపించకపోతే, వసతి ఉన్న వర్క్‌షాపులో గొట్టాలలోకి తక్కువ ఒత్తిడితో పొగ పంపి చూస్తారు. పొగ వచ్చిన చోటే లీకు.

మరమ్మతు

చాలాసార్లు మూతో, దాని రబ్బరు రింగో మారిస్తే సరిపోతుంది. పగిలిన గొట్టానికి టేపు చుట్టడం, ఎంసీల్ పెట్టడం మరమ్మతు కాదు. పెట్రోలుకు తట్టుకునే గొట్టమే వేయించాలి. ఇప్పుడు బంకులలో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వస్తున్నది. దానికి తగినట్లు తయారుకాని పాత కార్లలో రబ్బరు భాగాలు త్వరగా పాడయ్యే అవకాశం ఉంది, కనుక సర్వీసింగులో వాటిని చూపించండి.

బంకులో గన్ను దానంతట అది ఆగిన తర్వాత, చిల్లర సరిపెట్టడానికి ఇంకాస్త పోయించకండి. అలా ఎక్కువైన పెట్రోలు బొగ్గు డబ్బాలోకి పోతే బొగ్గు తడిసి పాడవుతుంది.

డ్రైవర్లకు, మెకానిక్కులకు ప్రత్యేక మనవి

ట్యాంకు దించే ముందు పైపు పెట్టి నోటితో పెట్రోలు పీల్చే అలవాటు మానుకోండి. పొరబోయి కొంచెం ఊపిరితిత్తులలోకి పోయినా తీవ్రమైన న్యుమోనియా వస్తుంది. ప్రాణానికే ముప్పు. చేతిపంపు వాడండి. ఎవరైనా పెట్రోలు మింగితే వాంతి చేయించకండి. ఉప్పునీళ్ళు, పాలు పట్టకండి. తడిసిన బట్టలు తీసి, చర్మాన్ని సబ్బుతో కడిగి, వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. అప్పటికి బాగానే ఉన్నా సరే తీసుకురండి, ఎందుకంటే దగ్గు, ఆయాసం కొన్ని గంటల తర్వాత కూడా మొదలుకావచ్చు. బండి లేకపోతే 108కి ఫోను చేయండి.

ఆదివారం కుటుంబమంతా కారు ఎక్కే ముందు ఒక్కసారి ట్యాంకు మూత బిగించి ఉందో లేదో చూడండి. వాసన వస్తే ఆ ప్రయాణం మానుకుని, ముందు బండిని మెకానిక్కుకు చూపించండి.