తోక ఎముక నొప్పికి చిరునామా

కూర్చోబోతున్న మిత్రుడి వెనక నుంచి కుర్చీ లాగేసి నవ్వడం కొందరికి సరదా. దబ్బున కూలబడ్డవాడికి మాత్రం కళ్ళ నీళ్ళు తిరుగుతాయి. దెబ్బ తగిలేది వెన్నెముక చిట్టచివర ఉన్న తోక ఎముకకు. మనకు తోక లేకపోయినా దాని ఆనవాలు మిగిలిందన్నమాట! మూడు నుంచి అయిదు, చాలామందిలో నాలుగు, చిన్న పూసలు కలిసి ఏర్పడిన దీన్ని అనుత్రికం అంటారు. ఇంగ్లీషులో కాక్సిక్స్. కోకిల జాతి పక్షికి గ్రీకులు పెట్టిన పేరది. ఎముక ఆ పక్షి ముక్కులా వంగి ఉంటుంది మరి.

ఆ కుర్రవాడు ఆస్పత్రికి వెళ్ళాడనుకోండి. డాక్టరు "నడుము నొప్పి" అని మాత్రమే రాస్తే ఏమవుతుంది?

జబ్బులన్నింటికీ సంకేతాలున్న పట్టిక ఒకటుంది. 1893లో ఫ్రెంచి గణాంకవేత్త జాక్ బెర్తియోన్ తయారు చేసిన మరణకారణాల జాబితా దీనికి మూలం. 1948 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని చూసుకుంటోంది. పదకొండవ సవరణ 2022లో అమల్లోకి వచ్చినా, 1990లో ఆమోదించిన పదవదాన్నే వాడుతున్న ఆస్పత్రులు ఇంకా ఎన్నో ఉన్నాయి.

ఆ పదవ సవరణలో నడుము నొప్పి సంకేతం ఎం 54.5. తోక ఎముక నొప్పిది ఎం 53.3. ఎముక విరిగితే ఎస్ 32.2. విరగకుండా కమిలితే ఎస్ 30.0. 'ఎం' ఎముకలు, కీళ్ళు, కండరాల జబ్బులకు గుర్తు, 'ఎస్' గాయాలకు. సంకేతం వేసే ఉద్యోగి రోగిని చూడడు, చీటీనే చూస్తాడు. అందులో లేనిది ఊహించి వేయకూడదు. కాబట్టి "నడుము నొప్పి" అని రాస్తే మన కుర్రవాడి దెబ్బ లెక్కల్లో మాయమైనట్టే! తోక ఎముక నొప్పి ఎందరికి వస్తోందో తేల్చాలనుకునేవారికి అతను దొరకడు. బీమా సంస్థ ఉంటే, నడుము నొప్పికి అక్కడెందుకు ఎక్స్‌రే తీశారని అడగవచ్చు.

అలాగని ఎక్స్‌రే చూడకముందే "విరిగిందేమో" అన్న అనుమానానికి ఎస్ 32.2 వేసినా తప్పే. ఇంకో చిక్కుంది. ఎం 53.3 తోక ఎముకకే సొంతం కాదు. దాని పైనున్న త్రికం తాలూకు కొన్ని బాధలూ అందులోనే ఉంటాయి. సంకేతం సగమే చెబుతుంది. అందుకే నొప్పి సరిగ్గా ఎక్కడ, ఎన్నాళ్ళుగా, కూర్చుంటే ఎక్కువవుతోందా, లేస్తున్నప్పుడు పొడుస్తోందా అన్నది డాక్టరు మాటల్లో రాయాలి. అవి చెప్పవలసింది రోగే. సిగ్గుపడి "నడుము" అన్నాడో, మొదటి తప్పు అక్కడే!

ఎలా పడ్డాడో తెలిపే సంకేతాలూ ఉన్నాయి. కుర్చీ నుంచి పడితే డబ్ల్యు 07, మెట్ల మీద పడితే డబ్ల్యు 10. కుర్చీ లాగినవాడి పేరుకు మాత్రం ఆ పట్టికలో గడి లేదు.