ఆ ఇద్దరి పేర్లు ఎవరివి?

ఉద్యోగ దరఖాస్తు చివర్న ఒక గడి ఉంటుంది. మనల్ని ఎరిగిన, బంధువులు కాని ఇద్దరి పేర్లు, హోదాలు, చిరునామాలు రాయమంటారు. మార్కుల గడి, కుల ధ్రువీకరణ గడి దాటొచ్చిన మనవాళ్ల కలం ఇక్కడ ఆగిపోతుంది. అగ్రవర్ణ కుటుంబంలో నాన్న స్నేహితుడే ఇంజనీరు, మేనమామ తోటి ఉద్యోగే ప్రొఫెసరు. కూలికెళ్లే ఇంటి పిల్లలకు ఊళ్లో తెలిసిన 'పెద్దమనిషి' తమ తల్లిదండ్రులకు కూలిచ్చే ఆసామే!

పరిచయాన్ని కూడా ప్రతిభ కింద లెక్కగట్టే పద్ధతి ఇది. 2007లో సుఖదేవ్ థోరాట్, పాల్ ఆటెవెల్ ఒక అధ్యయనం ప్రచురించారు. ప్రైవేటు కంపెనీల ప్రకటనలకు సమాన అర్హతలతో, పేర్లు మాత్రం మార్చి దరఖాస్తులు పంపారు. దళిత పేరుకు పిలుపొచ్చే అవకాశం అగ్రవర్ణ పేరుతో పోలిస్తే దాదాపు మూడింట రెండొంతులే. అదే ఏడాది సురిందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్‌ల పరిశీలనలో నియామకాధికారులు అభ్యర్థి 'కుటుంబ నేపథ్యం' చూస్తామన్నారు. 16(4) అధికరణ కింద రిజర్వేషన్ ప్రభుత్వ కొలువులకే గనుక ప్రైవేటులో ఈ గడి బరువు ఇంకా ఎక్కువ.

మరి ఎవర్ని రాయాలి? సిఫారసు వేరు, రెఫరెన్సు వేరు. మన పని ఎరిగినవారు, అడిగినప్పుడు చెప్పే సాక్ష్యమే రెఫరెన్సు. కాబట్టి మన ముఖం తెలియని పెద్ద ఆఫీసరు కంటే పాఠం చెప్పిన లెక్చరరు, ఎన్.ఎస్.ఎస్. అధికారి, పార్ట్‌టైం పనిచ్చిన యజమాని మేలు. ముందుగా అడక్కుండా పేరు రాయొద్దు. బయోడేటా, ఉద్యోగ ప్రకటన కాపీ వాళ్ల చేతికివ్వాలి. 'చూద్దాంలే' అని నసిగితే వేరొకర్ని వెతుక్కోవడమే మంచిది. ఇప్పుడు చేస్తున్న చోట తెలియకూడదనుకుంటే, ఉద్యోగం ఖాయమయ్యాకే వాళ్లను సంప్రదించమని దరఖాస్తులోనే రాయొచ్చు.

అసలు చిక్కు పరిశోధక విద్యార్థులది. గైడు చూపిన వివక్షపై నోరు విప్పినవాడు రేపు ఉత్తరం కోసం ఆయన గుమ్మమే తొక్కాలి. ఈ భయంతోనే చాలామంది నోరు మూసుకుంటున్నారు. అందుకే మొదటి ఏడాది నుంచే మన రాతలు ఇంకో ఇద్దరు అధ్యాపకుల చేత చదివించుకోవాలంటాం. ఇప్పటికే కొలువుల్లో ఉన్న మనవాళ్లకూ ఒక మాట. తమ్ముళ్లూ చెల్లెళ్లూ మొహమాటపడి అడగరు. వాళ్ల పని చూసి, 'నా పేరు రాసుకో' అని మీరే ముందు చెప్పండి.