చందాదారు - జవాబుదారీ

తెలుగువారు నిత్యం వాడే ‘కబురు’ అనే మాటకు మూలం ‘ఖబర్’. ‘చందాదారు’, ‘జవాబుదారీ’ అనే మాటలు కూడా ఉర్దూ సాంగత్యం వల్లనే మన భాషలో స్థిరపడ్డాయి. ఈ మూడింటికీ గల సంబంధాన్ని మన ఊరి వీధులలో స్తంభం నుండి స్తంభానికి సాగిన సన్నని నల్లని తీగను ఆధారం చేసుకొని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మన దేశంలో ప్రజలకు ఇంటర్నెట్ సేవ 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా ప్రారంభమైంది. 1998 నవంబరులో ప్రైవేటు సంస్థలకు ద్వారాలు తెరుచుకున్నాయి. దేశమంతటికీ ‘ఏ’ తరగతి, ఒక సర్కిల్‌కు ‘బి’ తరగతి, జిల్లా వంటి చిన్న ప్రాంతానికి ‘సి’ తరగతి అనుమతులు ఏర్పడినందున స్వల్ప పెట్టుబడి గలవారు సైతం ఈ రంగంలో ప్రవేశించగలిగారు. 2015లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ స్టేట్ ఫైబర్‌నెట్ సంస్థ విద్యుత్ స్తంభాల మీదుగా తీగలు లాగి, స్థానిక కేబుల్ ఆపరేటర్ల ద్వారా ఇళ్ళకు సేవ అందించే పద్ధతిని చేపట్టింది. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఈ పథకాన్ని ప్రారంభించారు. సంస్థ ఎంత పెద్దదైనా, ఇంటి గడపకు వచ్చి చందా వసూలు చేసే ఆపరేటరే చందాదారుకు తెలిసిన సంస్థ. సేవ నిలిచినప్పుడు అడగవలసినదీ ఆయననే.

సేవ ఎందుకు నిలుస్తుంది? గాజుపోగులో వెలుగు ప్రయాణిస్తుంది. ఆపరేటరు కార్యాలయం నుండి బయలుదేరిన ఒక పోగును వీధిలోని పెట్టెలో చీల్చి, సాధారణంగా 32 లేక 64 ఇళ్ళకు పంచుతారు. ఇంటి తీగ తెగితే ఒక్క ఇల్లే నష్టపోతుంది. వీధి పెట్టె చెడితే వీధి అంతా, నెల్లూరు నుండి వచ్చే ప్రధాన తీగ తెగితే ఊరంతా నష్టపోతాయి. 2008 జనవరి 30న ఈజిప్టులోని అలెగ్జాండ్రియా సమీపంలో సముద్రగర్భపు తీగలు తెగినప్పుడు మన దేశపు ఇంటర్నెట్ సైతం మందగించింది. ఇంటిలోని పెట్టెపై ఎర్రదీపం వెలిగిందంటే వెలుగు అక్కడికి చేరడం లేదని అర్థం. కాని లోపం ఎక్కడున్నదో, ఎప్పటికి సరియగునో ఆ దీపం చెప్పజాలదు. ఆ సంగతి ఆపరేటరు చెప్పవలసిందే.

పెన్నా నీటితో, కనిగిరి జలాశయంతో బ్రతికే మన ప్రాంతపు రైతుకు ఈ విషయం క్రొత్త కాదు. కాలువకు నీరు ఎప్పుడు వదులుతారో, ఎప్పుడు కట్టివేస్తారో ముందుగా తెలిసినవాడు నారుమడి కాలాన్ని నిర్ణయించుకుంటాడు. నీరు రాకపోవడం ఒక కష్టం; రాదని తెలియకపోవడం అంతకంటె పెద్ద కష్టం.

నా అనుభవం ఒకటి మనవి చేస్తాను. కొన్ని సంవత్సరాల క్రిందట ఒక ఉపకారవేతనానికి దరఖాస్తు పంపవలసిన చివరి రోజున ఉదయమే ఇంటర్నెట్ ఆగిపోయింది. ఆపరేటరును అడిగితే ‘ఇదిగో, వచ్చేస్తుంది’ అన్నారు. ఆ మాట నమ్మి, నన్ను ఆశ్రయించిన విద్యార్థులను వేచి ఉండమన్నాను. మధ్యాహ్నం అడిగినా అదే జవాబు. సేవ తిరిగి వచ్చింది మూడవ రోజున. ప్రధాన తీగ తెగిందనీ, ఆ రోజుకు అతకడం సాధ్యం కాదనీ వారికి ఉదయమే తెలుసునని తరువాత తెలిసింది. ఆ మాట మాకు ఉదయమే చెప్పి ఉంటే పిల్లలు నెల్లూరు బస్సు ఎక్కి మధ్యాహ్నానికల్లా పని ముగించుకొని వచ్చేవారు. వారిలో ఒక విద్యార్థిని ఆ సంవత్సరం చదువు మానుకున్నది. తీగ తెగడం ఎవరి నేరమూ కాదు. తెలిసిన నిజాన్ని తెలుపకపోవడం మాత్రం నేరమే. విచారించకుండా వేచి ఉండమన్న నాకూ అందులో భాగమున్నది.

కనుక మంచి ప్రకటనలో నాలుగు అంశాలు ఉండాలి: ఏమి జరిగింది, ఏ వీధులవారికి జరిగింది, ఎప్పటికి సరియగును, అంతవరకు చందాదారు ఏమి చేయవచ్చును. గడువు తెలియనప్పుడు ‘తెలియదు, మరల నాలుగు గంటలకు చెబుతాము’ అనడం అబద్ధపు ఆశ కంటె మేలు. ఆ నాలుగు గంటలకు క్రొత్త సంగతి ఏదీ లేకపోయినా చెప్పిన మాట ప్రకారం చెప్పాలి. ఫోనుకు సందేశం పంపడంతోపాటు కార్యాలయం వాకిట ఒక నల్లబల్ల వ్రేలాడదీస్తే చాలు. దానికి పెద్ద ఖర్చు లేదు. మరమ్మతు కోసం సేవను ఆపదలచినా, చందా పెంచదలచినా ముందే తెలపడం మర్యాద.

చట్టమూ ఈ మాటే అంటున్నది. టెలికాం నియంత్రణ ప్రాధికార సంస్థ 2006లో చేసిన నిబంధనలు నూటికి 90 లోపాలను మరుసటి పనిదినానికల్లా సరిచేయాలన్నాయి. డేటా వాడకం పరిమితిలో సగానికి, నూటికి తొంబైకి, పూర్తికి చేరినప్పుడు చందాదారుకు తెలపాలని 2016లో ఆ సంస్థ ఆదేశించింది. 2024 అక్టోబరు 1 నుండి క్రొత్త నిబంధనలు అమలులోకి వచ్చాయి.

చందాదారుకూ ధర్మాలున్నాయి. లోపాన్ని తెలిపేటప్పుడు దీపం రంగు, ఆగిన వేళ స్పష్టంగా చెప్పాలి. ఫిర్యాదు సంఖ్యను వ్రాసి ఉంచుకోవాలి. ఆపరేటరు పేరుతో వచ్చే ప్రతి సందేశాన్నీ నమ్మి రహస్య సంఖ్యలు చెప్పరాదు. తుఫాను రాత్రి స్తంభమెక్కే పనివాడు కూడా మనిషేనని మరువరాదు.

విద్యార్థులారా! రేపు మీలో కొందరు ఇటువంటి చిన్న సంస్థలు స్థాపించవచ్చు, కొందరు వాటిలో ఉద్యోగులు కావచ్చు. చందా పుచ్చుకొన్ననాడే జవాబుదారీ కూడా పుచ్చుకొన్నామని గుర్తుంచుకోండి. తీగ తెగిన రోజున మీరు ఇవ్వగలిగినది ఒక్క కబురే. ఆ కబురు నిజమైనదీ, సకాలంలో అందేదీ అయితే ఒక విద్యార్థిని చదువు నిలబడవచ్చు.