బూట్ విభాగానికి రాత రక్షణ: ఫ్లాష్ మెమరీలో తాత్కాలిక, శాశ్వత తాళాలు

ఉపోద్ఘాతం

కంప్యూటర్ బోర్డుకు విద్యుత్తు అందిన వెంటనే తొలి దశలో నడిచే చిన్న ప్రోగ్రాము బూట్‌లోడర్. అది ఉన్న చోట పొరపాటున వేరొకటి రాస్తే, మిగిలిన సమాచారం చెక్కుచెదరకున్నా బోర్డు పనిచేయదు. కామారెడ్డి జిల్లా బాన్సువాడ వంటి పట్టణాల కళాశాలల్లో ఒకే బోర్డును పలువురు విద్యార్థులు వాడవలసి వస్తే, ఒకరి పొరపాటు అందరి ప్రయోగాన్నీ ఆపివేయగలదు. దీన్ని నివారించే రైట్ ప్రొటెక్షన్, అనగా రాత రక్షణ, ఎన్ని విధాలో వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

కార్డుకూ చిప్పుకూ భేదం

ఎస్‌డీ కార్డు అంచున ఉండే చిన్న మీట కార్డులోపలి చిప్పుకు ఏమీ తెలియజేయదు. దాని స్థానాన్ని గమనించి రాయకుండా ఆగవలసింది కార్డును చదివే యంత్రమే. మైక్రో ఎస్‌డీ కార్డుకు ఆ మీట కూడా లేదు. రాస్ప్‌బెర్రీ పై కార్డులో బూట్ విభాగాన్ని ‘చదవడానికి మాత్రమే’ అని అమర్చవచ్చు. అయితే అది సాఫ్ట్‌వేర్ ఏర్పాటు కనుక నిర్వాహక అధికారం ఉన్నవారు తొలగించగలరు.

బోర్డుకే అతికి ఉండే ఈఎంఎంసీ చిప్పులో, సాధారణ నిల్వకు వేరుగా రెండు బూట్ విభాగాలు ఉంటాయి. వీటికి చిప్పే స్వయంగా రక్షణ కల్పించగలదు.

రక్షణలో మూడు అంచెలు

మొదటిది లైనక్స్ కెర్నల్ అంచె. బూట్ విభాగాలను కెర్నల్ మొదటినుంచీ చదవడానికి మాత్రమే తెరుస్తుంది. ‘ఫోర్స్ ఆర్‌ఓ’ విలువను 1 నుంచి 0కు మారిస్తే రాయవచ్చు. ఇది పొరపాటును ఆపుతుంది, దురుద్దేశాన్ని కాదు.

రెండవది విద్యుత్ తాళం. చిప్పులోని 512 బైట్ల విస్తృత సీఎస్‌డీ రిజిస్టరులో 173 సంఖ్య గల బైటు దీనికి ఆధారం. తాళం పడ్డాక విద్యుత్తు ఆపి మళ్లీ ఇచ్చేవరకు, లేదా హార్డ్‌వేర్ రీసెట్ జరిగేవరకు, నిర్వాహకుడు సైతం రాయలేడు. 174వ బైటు చదివితే ప్రస్తుత స్థితి తెలుస్తుంది.

మూడవది శాశ్వత తాళం. ఒకసారి వేస్తే తీయడం అసాధ్యం. బూట్‌లోడర్‌లో తరువాత దోషం బయటపడినా సరిదిద్దలేము.

ఎంపికలో వివేకం

ప్రత్యేకంగా ఒక విభాగాన్ని ఎంచుకోకపోతే తాళం రెండు బూట్ విభాగాలకూ పడుతుంది. ఒకదానిలో పాత ప్రతిని ఉంచి రెండవదానిలో కొత్తది రాసే పద్ధతి పాటించేవారు ఈ సంగతి మరువరాదు.

బోధనకు వాడే బోర్డులకు విద్యుత్ తాళమే తగినది. ప్రతిసారీ బూట్‌లోడర్, అవసరమైన నవీకరణ ముగించి, కెర్నల్‌కు పగ్గాలు అప్పగించే ముందే తాళం వేయాలి. అంతవరకు నడిచే కోడ్ నమ్మదగినదై ఉండాలి. తాళం పడకముందు రాసే అవకాశం తెరిచే ఉంటుంది.

శాశ్వత తాళాన్ని ఎవరూ వేయలేకుండా నిరోధించే బిట్ కూడా అదే 173వ బైటులో ఉంది. అదీ ఒకసారి వేస్తే తిరిగి మారదు కనుక, ముందుగా ఆలోచించి వేయాలి.

ముగింపు

రక్షణ బలపడేకొద్దీ తప్పు దిద్దుకునే అవకాశం తగ్గుతుంది. కనుక ప్రయోగశాలలో మొదటి రెండు అంచెలనే అభ్యాసం చేయించి, మూడవదాన్ని పాఠంగా మాత్రమే చెప్పడం మేలు.