క్లస్టర్ జాబ్‌లో ఫైళ్లు కంప్యూట్ నోడ్‌కి ఎలా పంపాలి, రిజల్ట్ ఎలా వెనక్కి తెచ్చుకోవాలి?

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వైపు నుంచి చూస్తున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ ఎపిసోడ్ చివరిదాకా చూడండి. మన దగ్గర బీటెక్ చేసి, పీజీకో ప్రాజెక్టుకో హైదరాబాద్ వెళ్లినవాళ్లు మొదటిసారి క్లస్టర్ మీద కూర్చున్నప్పుడు దాదాపు ఒకే చోట దెబ్బ తింటారు. నేనూ తిన్నాను.

నాది రెండు రోజులు నడిచిన జాబ్. పొద్దున్నే ఫోన్‌లో చూస్తే "కంప్లీటెడ్" అని ఉంది. మస్తు ఖుషీ అయ్యాను. ఫోల్డర్ తెరిస్తే ఏముంది? ఖాళీ. నా ప్రోగ్రామ్ రిజల్ట్ మొత్తాన్ని కంప్యూట్ నోడ్ లోపలి డిస్క్‌లో రాసింది. జాబ్ అయిపోగానే సిస్టమ్ ఆ డిస్క్‌ని శుభ్రం చేసేసింది. తప్పు క్లస్టర్‌ది కాదు, నాదే. వెనక్కి తెచ్చే ఒక్క లైన్ నేను రాయలేదు.

ముందు క్లస్టర్ అంటే ఏంటో చూద్దాం. కోదాడ, సూర్యాపేట మీదుగా పోయే 65వ నంబరు జాతీయ రహదారి తెలుసు కదా? అదే రోడ్డు హైదరాబాద్ దాటి సంగారెడ్డి జిల్లా కంది మీదుగా పోతుంది. అక్కడ ఐఐటీ హైదరాబాద్‌లో పరమ్ సేవ అనే సూపర్ కంప్యూటర్ ఉంది. సామర్థ్యం 838 టెరాఫ్లాప్స్. 2015లో మొదలైన నేషనల్ సూపర్ కంప్యూటింగ్ మిషన్ కింద వచ్చింది. ఆ రోడ్డు చివరికి పుణె చేరుతుంది. 1991లో మన దేశపు మొదటి పరమ్, అంటే పరమ్ 8000ని తయారుచేసిన సీడాక్ ఉన్నది అక్కడే. అంటే మన ఇంటి ముందు రోడ్డు మీదే ఈ కథంతా ఉంది!

సూపర్ కంప్యూటర్ అంటే ఒక్క పెద్ద పెట్టె అనుకోకండి. చాలా కంప్యూటర్లని నెట్‌వర్క్‌తో కలిపితే అది క్లస్టర్. మీరు లాగిన్ అయ్యేది లాగిన్ నోడ్. అసలు లెక్కలు చేసేవి కంప్యూట్ నోడ్లు. ఎవరి జాబ్ ఎప్పుడు, ఏ నోడ్ మీద నడవాలో చూసే మేనేజర్ లాంటి సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంటుంది. చాలా చోట్ల దాని పేరు స్లర్మ్. మీ హోమ్ ఫోల్డర్ మామూలుగా షేర్డ్ స్టోరేజ్‌లో ఉంటుంది, అన్ని నోడ్లకీ కనిపిస్తుంది. కానీ చాలా క్లస్టర్లలో ప్రతి కంప్యూట్ నోడ్‌కీ సొంత డిస్క్ కూడా ఉంటుంది. అది ఆ నోడ్‌కి మాత్రమే కనిపిస్తుంది.

"షేర్డ్ స్టోరేజ్ అందరికీ కనిపిస్తుంటే మళ్లీ కాపీ ఎందుకన్నా?" అని అడుగుతారు. మంచి ప్రశ్న.

మిర్యాలగూడ రైస్ మిల్లు ఊహించుకోండి. వడ్లన్నీ ఊరి అవతల గోదాములో ఉన్నాయి. మిల్లు నడుస్తుంటే మనిషి ఒక్కో దోసెడు వడ్లు తేవడానికి గోదాముకి పోయి వస్తే ఎలా ఉంటుంది? మిల్లు ఖాళీగా తిరుగుతుంది, కరెంటు బిల్లు మాత్రం వస్తుంది. అందుకే వడ్లని బస్తాల్లో నింపి, లారీలో ఒకేసారి మిల్లు దగ్గర దింపుకుంటారు. ఇక్కడ గోదాము షేర్డ్ స్టోరేజ్. మిల్లు కంప్యూట్ నోడ్. దోసెడు వడ్లు మీ చిన్న చిన్న ఫైళ్లు.

లెక్క వేద్దాం. మీ దగ్గర 1 లక్ష ఫోటోలు ఉన్నాయనుకోండి. షేర్డ్ స్టోరేజ్ నుంచి ఒక్కోటి తెరవడానికి 5 మిల్లీసెకన్లు పట్టిందనుకుందాం. ఒకదాని తర్వాత ఒకటి తెరిస్తే ఒక రౌండుకి 500 సెకన్లు. మోడల్ ట్రైనింగ్ 50 రౌండ్లు అయితే 25,000 సెకన్లు, అంటే దాదాపు 7 గంటలు ఫైళ్లు తెరవడానికే పోతుంది. అదే డేటా 10 జీబీ టార్ ఫైల్‌గా ఉంటే, సెకనుకి 10 గిగాబిట్ల నెట్‌వర్క్ మీద కాపీకి లెక్క ప్రకారం 8 సెకన్లు. నిజంగా ఇంకొంచెం పట్టినా, ఎక్కడ 7 గంటలు, ఎక్కడ ఇది!

ఇప్పుడు పద్ధతి చెప్తాను, నోట్ చేసుకోండి.

ఒకటి, బస్తా కట్టండి. చిన్న ఫైళ్లన్నీ టార్ కమాండ్‌తో ఒకే ఫైల్ చేసి షేర్డ్ స్టోరేజ్‌లో పెట్టండి. నెట్ నుంచి డేటా దించాలంటే జాబ్ మొదలవకముందే లాగిన్ వైపు నుంచి దించుకోండి. చాలా క్లస్టర్లలో కంప్యూట్ నోడ్‌కి ఇంటర్నెట్ ఉండదు.

రెండు, దింపుకోండి. జాబ్ స్క్రిప్టు మొదట్లోనే నోడ్ డిస్క్‌లో మీ జాబ్ నంబర్ పేరుతో ఒక ఫోల్డర్ చేయండి. అదే నోడ్ మీద ఇంకొకరి జాబ్ ఉన్నా గొడవ రాదు. టార్ ఫైల్ అక్కడికి కాపీ చేసి విప్పండి. దానికి ముందు డీఎఫ్ కమాండ్‌తో ఎంత జాగా ఉందో చూడండి. కొన్ని చోట్ల టెంపరరీ ఫోల్డర్ డిస్క్‌లో కాదు, ర్యామ్‌లో ఉంటుంది. అందులో 50 జీబీ పోస్తే జాబే చచ్చిపోతుంది.

మూడు, నోడ్లు చాలా ఉంటే ఎస్‌బీకాస్ట్ వాడండి. మామూలు కాపీ కమాండ్ స్క్రిప్టు నడిచే మొదటి నోడ్‌లో మాత్రమే పనిచేస్తుంది. మిగతా నోడ్లకి ఏమీ చేరదు. చాలామంది పడే గుంత ఇదే. స్లర్మ్‌లోని ఎస్‌బీకాస్ట్ మీ ఫైల్‌ని జాబ్‌కి ఇచ్చిన అన్ని నోడ్లకీ పంపుతుంది. అన్నిటికీ ఒక్కరే పంచరు. అందుకున్న నోడ్లు పక్కవాటికి అందిస్తాయి, పెళ్లి కార్డులు బంధువుల చేత పంచించినట్టు. తర్వాత ఎస్‌రన్‌తో ఒక్కో నోడ్‌లో ఒక్కసారి టార్ విప్పండి.

నాలుగు, ఇదే ముఖ్యం. బియ్యం ఇంటికి తెచ్చుకోండి. స్క్రిప్టు చివర రిజల్ట్‌ని షేర్డ్ స్టోరేజ్‌కి కాపీ చేసే లైన్ రాయండి. నోడ్లు చాలా ఉంటే దీన్ని కూడా ఎస్‌రన్‌తోనే, ఒక్కో నోడ్‌కి ఒక్కో పేరుతో చేయండి. లేకపోతే ఒకదాని మీద ఇంకోటి రాసేస్తాయి.

మరి మీరు అడిగిన టైమ్ మధ్యలోనే అయిపోతే? చివరి లైన్ దాకా జాబ్ రానే రాదు. స్లర్మ్ ముందు ఆగమని సిగ్నల్ ఇస్తుంది. మామూలు సెట్టింగ్‌లో 30 సెకన్లు చూసి బలవంతంగా ఆపేస్తుంది. ఆ 30 సెకన్లలో పెద్ద ఫైళ్లు రావు. అందుకే సిగ్నల్ ఆప్షన్ పెట్టి, 600 సెకన్ల ముందే నా స్క్రిప్టుకి చెప్పు అని రాయండి. ఆ కబురు అందగానే కాపీ చేసేలా ట్రాప్ పెట్టండి. మీ ప్రోగ్రామ్‌ని బ్యాక్‌గ్రౌండ్‌లో నడిపి, కింద వెయిట్ అని రాయడం మర్చిపోవద్దు. లేకపోతే ప్రోగ్రామ్ ఆగేదాకా బ్యాష్ ఆ ట్రాప్ వైపు కూడా చూడదు. జాబ్ పెద్దదైతే గంటకోసారి మధ్యలో కూడా కాపీ తీయండి. నోడ్ ఉన్నట్టుండి ఆగిపోతే ఏ ట్రాప్ కాపాడలేదు.

అన్ని జాబ్‌లకీ ఇదంతా అక్కర్లేదు. డేటా ఒకటి రెండు పెద్ద ఫైళ్లే ఉండి, ఒక్కసారే చదివితే షేర్డ్ స్టోరేజ్ నుంచే చదవండి. దోసెడు బియ్యం కోసం లారీ ఎందుకు?

ల్యాప్‌టాప్ లేదని వెనక్కి తగ్గకండి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో టెర్మక్స్ వేసుకుని ఎస్‌ఎస్‌హెచ్‌తో లాగిన్ అవ్వచ్చు. ఎస్‌బ్యాచ్‌తో జాబ్ ఇచ్చి ఫోన్ జేబులో పెట్టుకోండి, అది అక్కడ నడుస్తూనే ఉంటుంది.

రేపు జాబ్ ఇచ్చే ముందు మీ స్క్రిప్టు చివరి లైన్ ఒక్కసారి చూడండి. రిజల్ట్ వెనక్కి వచ్చే దారి అందులో ఉందా? ముందు 5 నిమిషాల చిన్న జాబ్‌తో టెస్ట్ చేయండి. ఆ ఫైల్ మీ ఫోల్డర్‌లో కళ్లారా కనిపించాకే రెండు రోజుల జాబ్ ఇవ్వండి. నేను పోగొట్టుకున్న రెండు రోజులు మీకు మిగిలితే అదే చాలు. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను.