దూకే బంతి నుంచి ‘నంద్యాల’ దాకా

మహానంది మీద అర నిమిషం వీడియో ఒకటి చేస్తున్నారనుకుందాం. గొంతు చెబుతూ ఉంటుంది: నంద్యాల దాటాక నల్లమల పాదాన మహానంది, కోనేటి అడుగున పడ్డ నాణెం పైకి కనబడేంత తేట నీళ్లు. మాటతోపాటే అక్షరాలు ఒక్కొక్కటిగా తెర మీదికి రావాలి. మొదటి మాటకే చిక్కొచ్చి పడుతుంది. ‘నం’ బాగానే వస్తుంది. ఆ వెనక ‘ద్’ అని ఒక పొల్లు, దాని పక్కన ‘యా’. గొంతు సాఫీగానే పలికింది, నత్తి తెరకు వచ్చింది.

పలుకు వెంట కదిలే రాతకు నూరేళ్ల చరిత్ర ఉంది. 1924లో న్యూయార్క్‌లో మాక్స్ ఫ్లైషర్ స్టూడియో, హాల్లో కూర్చున్న జనం చేత పాడించే పొట్టి చిత్రాలు మొదలుపెట్టింది. పాట సాహిత్యం మీద ఒక బంతి పదం నుంచి పదానికి గెంతుతూ పోతుంది. అది గీసిన బొమ్మ కాదు. పొడవాటి కర్ర కొసన మెరిసే బంతిని పెట్టి, లయకు తగ్గట్టు చేత్తో ఆడించి ఫిల్ముకు ఎక్కించారు. దాని కిటుకంతా గెంతులోనే ఉంది. పైకి లేచిన బంతి ఎప్పుడు దిగుతుందో కంటికి ముందే తెలిసిపోతుంది కాబట్టి గొంతు సిద్ధమవుతుంది.

1971లో జపాన్‌లోని కోబేలో దైసుకె ఇనోవే కరావోకే పెట్టె తయారుచేసినప్పుడు పాట ఇంకా కాగితం మీదే ఉంది. 1980లలో లేజర్ డిస్కులు వచ్చాక అది తెరకెక్కి, అక్షరాలకు రంగు పాకడం మొదలైంది.

ఆ రంగుకు మన దేశంలో బడిపని దొరికింది. అమెరికాలో చదువుకుంటున్న బ్రిజ్ కొఠారీకి 1996లో ఒక స్పానిష్ సినిమా చూస్తుండగా ఆలోచన తట్టింది: పాట ఏ భాషదో ఆ భాషలోనే కింద అక్షరాలు వేస్తే? అహ్మదాబాద్ ఐఐఎంలో దాన్ని పరిశోధనగా మలిచి, 1999లో గుజరాతీ ‘చిత్రగీత్’ కార్యక్రమంతో టీవీకి ఎక్కించారు. తర్వాత తెలుగు పాటలకూ వచ్చింది. పాట ముందే నోటికి వచ్చిన మనిషికి అక్షరం సగం తెలిసినా చాలు, చెవి కంటిని లాక్కుపోతుంది.

అయితే ముందు కళ్లా, చెవులా? దూరాన చాకిరేవులో బట్ట బండకు తగలడం కనబడ్డాకే చప్పుడు వినిపిస్తుంది. మన మెదడు దానికే అలవాటు పడింది. టీవీలో పెదవి కదలిక కంటే ధ్వని 45 మిల్లీసెకన్లు ముందొస్తే పసిగడతాం, వెనకబడితే మాత్రం 125 దాకా పట్టించుకోం అని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ ప్రమాణం చెబుతోంది. అది పెదవుల లెక్కే అయినా అక్షరాలకూ దారి చూపుతుంది: పదం గొంతు కంటే రవ్వంత ముందు రావచ్చు, ఆలస్యం మాత్రం కాకూడదు.

ఇక తెలుగు సంగతి. ‘స్త్రీ’ మనకు ఒక్క అక్షరం, కంప్యూటరుకు ఆరు సంకేతాలు. ‘ద్యా’లో పలుకు వరస ద్, య్, ఆ. రాతలో మాత్రం దీర్ఘం ద మీదే కూర్చుంటుంది, య వత్తు ఆ తర్వాత పక్కన కిందికి దిగుతుంది. ఎడమ నుంచి రంగు పాకిస్తే య కంటే ముందు ఆ వెలుగుతుంది. కాబట్టి అక్షరాన్ని కోయకూడదు, మొత్తంగా ఒకేసారి వెలిగించాలి. కంప్యూటర్లలో అక్షరాలకు ప్రమాణమైన యూనికోడ్ సూత్రాల్లోనే తెలుగు సంయుక్తాక్షరాన్ని ఒకే ముక్కగా లెక్కించే నియమం 2023లో, 15.1 సంచికతో గానీ రాలేదు. నంద్యాల నత్తికి మూలం అక్కడుంది.

కాలం పంచడానికి మాత్రం యూనికోడ్ కోసం చూడక్కర్లేదు, ఛందస్సు చాలు. ‘మహానంది’ లఘువు, గురువు, గురువు, లఘువు: ఆరు మాత్రలు. నాలుగక్షరాలకూ సమంగా పంచితే హా మీద రంగు తొందరపడి, చూసేవాళ్లకు ‘మహనంది’ అన్నట్టే ఉంటుంది. మామూలు మాట మాత్రల్ని అంత నిక్కచ్చిగా పాటించదు గానీ, గురువుకు ఎక్కువ సమయం ఇస్తే మొదటి చిత్తు సగం కుదిరినట్టే.

గొంతు చెప్పే ప్రతి మాటనూ ఎగరేసి, తిప్పి, సాగదీసే వీడియోలు కళ్లను అలసటపెడతాయి. మహానందిలో ఒక్క ‘నాణెం’ దగ్గర చిలిపితనం ఒప్పుకోవచ్చు: గొంతు ఊపిరి తీసుకున్నప్పుడు చివరి సున్నను కోనేటి అడుగుకు మెల్లగా జారనివ్వొచ్చు. అప్పటికి పదం చదవడం అయిపోయి ఉంటుంది.